ఐసొలేషన్ ఎన్నాళ్లో రోగికి చెప్పండి

సంపాదకులు గారికి,

టీబీ సోకి 19 రోజులు ఆసుపత్రి ఐసొలేషన్ గదిలో ఉండి వచ్చాను. నన్ను విడిగా ఉంచడం తప్పని అనను. ఊపిరితిత్తుల టీబీ గాలి ద్వారా అంటుకుంటుంది. గదిలోని గాలి వరండాలోకి పోకుండా చేసే ఏర్పాటూ, ఎన్95 మాస్కు లేనిదే ఎవరినీ లోపలికి రానివ్వకపోవడమూ అవసరమే. నా బాధల్లా ఒకటే. "ఇంకా ఎన్నాళ్లండీ?" అని అడిగితే అన్ని రోజుల్లో ఒక్కరూ తిన్నగా జవాబివ్వలేదు. "రిపోర్టు రానివ్వండి" అనేవారు. ఏ రిపోర్టు? అది కఫం పరీక్ష అనీ, సరైన మందులు పడితే మామూలుగా కొన్ని వారాల్లోనే ఇతరులకు అంటించే ప్రమాదం బాగా తగ్గుతుందనీ ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నాను. ఆ రెండు ముక్కలు మొదటి రోజే చెప్పి ఉంటే సగం టెన్షన్ తగ్గేది.

ఆ గదిలోకి వచ్చేవాళ్ల ముఖాలు కనపడవు. కళ్లను బట్టి, నడకను బట్టి పోల్చుకోవాలి. నాలుగో రోజుకల్లా చెప్పుల చప్పుడు వింటే ఎవరొస్తున్నారో తెలిసిపోయేది. కాసేపు మాట్లాడితే బాగుండుననిపించేది, కానీ మాస్కు వెనక చెమటలు కక్కుతున్న నర్సును ఇంకో నిమిషం ఉండమనడానికి నోరెలా వస్తుంది? మంచినీళ్ల కోసం బెల్ నొక్కబోయి, ఇంతదానికి ఆమె మళ్లీ అవన్నీ తగిలించుకుని రావాలి కదా అని చెయ్యి వెనక్కి తీసుకున్న రాత్రులున్నాయి. రోగం తెచ్చిన నీరసం కన్నా, నేనో ప్రమాదకరమైన వస్తువునన్న ఆలోచనే ఎక్కువ కుంగదీసింది.

ఇదంతా నా సున్నితత్వమని కొట్టిపారేయకండి. మిగతా రోగులతో పోలిస్తే ఐసొలేషన్‌లో ఉన్నవాళ్లకు, జాగ్రత్తపడితే తప్పించగలిగే హాని ఎక్కువగా జరిగిందని 2003లో జామా వైద్యపత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. ఎందరు నాలాగే బెల్ నొక్కకుండా ఊరుకున్నారో!

పరిష్కారాలకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఎబోలా సమయంలో లైబీరియాలో వైద్య సిబ్బంది తాము నవ్వుతున్న ఫొటోలను స్టిక్కర్లుగా చేసి రక్షణ దుస్తుల మీద అంటించుకున్నారు. మన ఆసుపత్రుల్లోనూ ఆ పని చేయొచ్చు. విడిగా ఎందుకు ఉంచారో, ఏ పరీక్ష ఫలితం ఎలా వస్తే బయటికి పంపుతారో ఒక కాగితం మీద రాసి రోగి చేతికివ్వాలి. ఇంటివాళ్లతో వీడియో కాల్‌కు రోజూ ఒక వేళ కేటాయించాలి. ఫోన్ లేనివాళ్లకు వార్డు ఫోనైనా ఇవ్వాలి.

డిశ్చార్జ్ నాడు కూడా ఒకరు కూర్చుని, ఇక పిల్లల్ని దగ్గరికి తీసుకోవచ్చని నోటితో చెప్పాలి. నా కాగితాల్లో ఆ సంగతి ఏదో మూల వైద్య భాషలో ఉందట. నాకు తెలియక, గుమ్మంలో పరుగెత్తుకొచ్చిన మా పాపను చూసి రెండడుగులు వెనక్కి వేశాను. అది బిత్తరపోయి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది.

— ఒక పాఠకుడు