వరద తర్వాతి తాగునీటిపై నా ఎం.టెక్. పరిశోధనకు తోడ్పడిన వారికి కృతజ్ఞతలు

విపత్తుల్లో చిక్కుకున్న జనానికి నిలకడగా పనికొచ్చే ఇంజినీరింగ్ అన్న విషయంలో, ప్రత్యేకించి వరద తీసిన తర్వాతి వారాల్లో పల్లెలకు సురక్షితమైన తాగునీటిని అందించడంపై, నేను చేసిన ఎం.టెక్. పరిశోధన గత నెల మౌఖిక పరీక్షతో పూర్తయింది. సాయం చేయమని వరంగల్, హనుమకొండల్లో పరిచయం ఉన్న వారినీ లేని వారినీ అందరి ముందే అడిగాను కనుక, కృతజ్ఞతలు కూడా అందరి ముందే చెప్పుకోవడం న్యాయం.

2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ రోజే మోరంచ వాగు పొంగి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని ముంచెత్తగా, ఇళ్ల కప్పులెక్కిన జనాన్ని కాపాడటానికి హెలికాప్టర్లు రావలసి వచ్చింది. నా చదువుకు అంశం దొరికింది అక్కడే. అయితే నేను పట్టుకున్నది రక్షణ చర్యలను కాదు, ఆ తర్వాతి పనిని. కల్వర్టు దగ్గర నల్లా పైపు తెగితే ఊరు మళ్లీ పాత చేదబావి మీదా, వరదలో మునిగిన బోరింగు మీదా ఆధారపడుతుంది. ఆ నీటిని ఎవరు, దేనితో, ఎన్నాళ్లు శుద్ధి చేస్తారన్నదే నా ప్రశ్న.

ముందుగా మా గైడు గారికి నమస్కారాలు. విపత్తు సహాయంలో ప్రపంచమంతా ఆధారంగా తీసుకునే స్ఫియర్ ప్రమాణాలను ఆయన దగ్గరే చదువుకున్నాను. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు ఉండాలి, నీటి వనరు ఇంటికి 500 మీటర్లకు మించి దూరంగా ఉండకూడదు, నీటి మడ్డితనం (టర్బిడిటీ) దాన్ని కొలిచే ప్రమాణమైన ఎన్‌టీయూల్లో 5 లోపు, మందు పనిచేశాక నీటిలో ఇంకా మిగిలి ఉండే క్లోరిన్ లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి అని ఆ ప్రమాణాలు చెబుతాయి. ఆ అంకెలను ఊరికి తీసుకెళ్లి జనంతో మాట్లాడిన తర్వాతే ఒక్క వాక్యమైనా రాయమన్నది ఆయన షరతు.

ఆ మాట విన్నందువల్లే, వాగు పక్క ఊళ్లో పంచాయతీ పనులు చూసే కారోబారు గారి రూపంలో నాకు రెండో గురువు దొరికారు. బావి నీటిని శుద్ధి చేసే క్లోరిన్ మందును, అంటే బ్లీచింగ్ పౌడర్‌ను, ఆయన ఎప్పుడూ పొద్దుపోయి, నీళ్లు చేదుకునే వాళ్లంతా వెళ్లాకే వేస్తారు. క్లోరిన్ పనిచేయడానికి కనీసం అరగంట కావాలని పుస్తకం చెబుతుంది. రాత్రంతా వదిలేస్తే ఆ వ్యవధికి వ్యవధీ దొరుకుతుంది, తెల్లారేసరికి వాసనా తగ్గుతుంది కాబట్టి ఆడవాళ్లు ఆ నీళ్లను వద్దనరు అని ఆయన లెక్క. ముడులు వేసిన తాడుతో నీటి లోతు కొలిచి ఘనపరిమాణం కట్టడం ఆయన పక్కన నిలబడే నేర్చుకున్నాను. 3 మీటర్ల వ్యాసం, 4 మీటర్ల లోతు నీరు ఉన్న బావిలో సుమారు 28 వేల లీటర్లు ఉంటాయి. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున మంచి బ్లీచింగ్ పౌడర్ 70 గ్రాములు కావాలి. అయితే వరద నీటికి ఈ లెక్క చాలదనీ, సంచి విప్పి చాలా రోజులైన పౌడర్‌లో సత్తువ తగ్గుతుందనీ, అందుకే మోతాదును ఆ బావి నీటితోనే పరీక్షించి తేల్చుకోవాలనీ ఓపికగా చెప్పినవారు గ్రామీణ నీటి సరఫరా శాఖలో పనిచేసి రిటైరైన ఇంజినీరు గారు. పేరు రాయవద్దన్నారు కనుక రాయడం లేదు.

బోరింగు దగ్గర నన్ను నిలబడనిచ్చి, అడిగిన ప్రతిదానికీ విసుక్కోకుండా జవాబిచ్చిన అక్కలకూ, పెద్దమ్మలకూ ఎంత చెప్పినా తక్కువే. పదిహేను లీటర్లంటే మరి బర్రెలకు, బాలింతలకు ఎక్కడివని ఒకామె అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నే సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమైంది. మరో పెద్దమ్మ చిల్లగింజ అరగదీసి బురద నీటిని తేర్చి చూపించారు. కళాశాల ప్రయోగశాలలో చూస్తే మడ్డి నిజంగానే అడుగుకు దిగింది. క్రిములు చావాలంటే మాత్రం క్లోరిన్ తప్పదు; పైగా గింజ నుంచి నీటిలో కలిసే సేంద్రియ పదార్థం కొంత క్లోరిన్‌ను హరిస్తుంది కనుక, తేర్చిన నీటికి మోతాదును విడిగా చూసుకోవాలి. ఖరీదైన వడపోత యంత్రాలకన్నా ఇలాంటి చిన్న చిన్న విషయాలపైనే పరిశోధన ఎక్కువ జరగాలని నా అభిప్రాయం. బహుమతులు మాత్రం యంత్రాలకే వస్తాయి, అది వేరే సంగతి.

నీటిలో మిగిలిన క్లోరిన్‌ను చూపే క్లోరోస్కోపుతో ఇంటింటి బిందెల్లో నీటిని నాతో కలిసి పరీక్షించిన ఆశా కార్యకర్తకు, వేళ కాని వేళల్లోనూ ప్రయోగశాల తలుపు తీసిన సిబ్బందికి, బండి ఇచ్చిన మిత్రుడికి, తెలుగు కరపత్రాన్ని టైపు చేసి డబ్బులు తీసుకోని హనుమకొండ డీటీపీ షాపు అన్నకు పేరుపేరునా ధన్యవాదాలు.

బావి వ్యాసాన్ని, నీటి లోతును బట్టి బ్లీచింగ్ పౌడర్ మోతాదు చూపే పట్టికను ఆ కరపత్రంలోనే అచ్చు వేయించాం. కారోబారు గారు ఒకటి పంచాయతీ గోడకు అంటించారు. వానాకాలానికి ముందే తమ ఊరికి కావాలనుకునే పంచాయతీ సిబ్బంది, ఆశా కార్యకర్తలు, యువజన సంఘాల వారు నన్ను అడిగితే ప్రతులు పంపిస్తాను. దానికి రుసుమేమీ లేదు.