ప్రైవేటు తపాలా బిళ్ళల నకిలీలపై దృష్టి పెట్టాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

విక్టోరియా రాణి కాలంలో ప్రైవేటు బట్వాడా కంపెనీలు వేసిన తపాలా బిళ్ళలంటూ ఆన్‌లైన్‌లో నకిలీలను అంటగడుతున్న వ్యాపారాన్ని వినియోగదారుల వ్యవహారాల శాఖ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఎడింబరోకు చెందిన రాబర్ట్ బ్రైడోన్ అనే ముద్రాపకుడు 1865లో వ్యాపార ప్రకటనలను ఇంటింటికీ పంచే కంపెనీ పెట్టి, సొంత బిళ్ళలు అచ్చువేయించాడు. ప్రభుత్వ తపాలాలో కనీసం పెన్నీ అయ్యే ఈ పనిని ఆయన మనుషులు ఫార్తింగుకే, అంటే పావు పెన్నీకే, చేసిపెట్టేవారు. లండన్, లివర్‌పూల్, గ్లాస్గో వంటి చోట్లా ఇలాంటి కంపెనీలు వెలిశాయి. తన గుత్తాధిపత్యానికి గండి పడుతోందని తపాలా శాఖ 1867లో కోర్టుకెక్కడంతో అవి మూతపడ్డాయి గానీ, 1870 అక్టోబరులో ఆ శాఖే అచ్చు కాగితాలకు అర పెన్నీ రేటు పెట్టక తప్పలేదు. సామాన్య వర్తకుడికి మేలు చేసిన చరిత్ర ఇది. అందుకే ఆ బిళ్ళలంటే సేకర్తలకు అంత మక్కువ.

ఆ మక్కువే నకిలీలకు పెట్టుబడి అయింది. కంపెనీల దగ్గర మిగిలిన సరుకు, ఆ తర్వాతి పునర్ముద్రణలు, ఊరికే కల్పించినవి అన్నీ కలగలిసి సంతకు చేరాయి. న్యూయార్కులో హస్సీ అనే బట్వాడా యజమాని సేకర్తలకు అమ్మడానికే తన బిళ్ళలను మళ్ళీ మళ్ళీ అచ్చు వేయించాడు. హాంబర్గ్‌లో స్పైరో సోదరులు నకిలీ బిళ్ళతోపాటు దాని మీది రద్దు ముద్రను, అంటే బిళ్ళ మళ్ళీ వాడకుండా దాని మీద కొట్టే ముద్రను, కూడా అచ్చులోనే దించేవారు. మా మిత్రుడొకరు ఇటీవల ‘1865 నాటి అసలువి’ అన్న హామీతో కొన్న నాలుగు బిళ్ళలను భూతద్దం కింద పెట్టి చూశాను: నాలుగింటిలోనూ రద్దు ముద్ర ఒకే మూల నుంచి ఒకే వంపుతో, బొమ్మ సిరాకున్న మెరుపుతోనే ఉంది. తపాలా గుమాస్తా చేత్తో కొట్టిన ముద్ర నాలుగుసార్లు అచ్చుగుద్దినట్టు ఒకేలా పడదు.

భారతీయ న్యాయ సంహితలోని 186వ సెక్షను కల్పిత తపాలా బిళ్ళలను నిషేధిస్తుంది, విదేశీ ప్రభుత్వాల బిళ్ళలకూ అది వర్తిస్తుంది. కానీ అందులోని నిర్వచనం ప్రభుత్వం జారీచేసినట్టు భ్రమ కలిగించే బిళ్ళలకే పరిమితం కాబట్టి, ప్రైవేటు కంపెనీల బిళ్ళలకు నకిలీ చేసినవాడు దాని చేతికి చిక్కడు. ఇక మిగిలిన దారి వినియోగదారుల చట్టమే. వస్తువు గురించి చెప్పే వివరణ ఆ వస్తువుతో సరిపోలాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. పాత బిళ్ళలు అమ్మేవారు ప్రతిదాని పక్కనా ‘అసలు’, ‘పునర్ముద్రణ’, ‘నకిలీ’ అన్న మూడింటిలో ఏదో ఒకటి రాసి తీరాలనీ, తెలియకపోతే తెలియదని రాయాలనీ వినియోగదారుల వ్యవహారాల శాఖ స్పష్టమైన ఆదేశం ఇవ్వాలి. నకిలీల అమ్మకాన్నే ఆపమని నేను కోరడం లేదు, వాటిని అధ్యయనం కోసం కొనేవారూ ఉన్నారు. నకిలీని నకిలీ ధరకే, ఆ పేరుతోనే అమ్మాలన్నదే నా విన్నపం.

ఇట్లు,
ఒక తపాలా బిళ్ళల సేకర్త,
రాజమహేంద్రవరం