సర్వర్ కొనేముందు క్వెరీ చూడండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. దరఖాస్తుల గడువు దగ్గరపడగానే ప్రజాసేవల వెబ్‌సైట్లు మొరాయించడం, రద్దీ ఎక్కువగా ఉందని ప్రకటన వెలువడడం, ఇంకా పెద్ద సర్వర్లు కొంటామని అధికారులు హామీ ఇవ్వడం మామూలైపోయింది. వెబ్‌సైట్ల సమాచారాన్ని దాచే డేటాబేస్‌ల నిర్వహణ వృత్తిగా ఉన్న నాకు అభ్యంతరం ఆ హామీ మీదే. రద్దీ కారణం కావచ్చు, కాకపోనూవచ్చు. ఎవరైనా కొలిచి చూశారా, చూస్తే ఏం తేలిందన్నది మాత్రం బయటికి రాదు.

పేజీ తెరుచుకోవడానికి ఎనిమిది సెకన్లు పడుతోందంటే ఆ సమయం నెట్‌వర్క్‌లో పోతోందా, అప్లికేషన్ కోడ్‌లోనా, డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూడడంలోనా అన్నది ముందు తేలాలి. ఇందుకు డబ్బు పెట్టి కొనాల్సిందేమీ లేదు. డేటాబేస్‌ను అడిగే ఒక్కో ప్రశ్నను క్వెరీ అంటాం. మైసీక్వెల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో నెమ్మదైన క్వెరీలను రాసిపెట్టే స్లో క్వెరీ లాగ్ ఉంది, కాకపోతే అది మొదట ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేశాక కూడా హద్దు తగ్గించకపోతే 10 సెకన్లు దాటిన క్వెరీలనే రాస్తుంది. అనుమానం వచ్చిన క్వెరీని, అది ఎలా నడుస్తుందో చూపే ఎక్స్‌ప్లెయిన్ ఆదేశంతో చూస్తే, కోటి వరుసలున్న పట్టికలో ఒక్క ఫోన్ నంబరు కోసం మొదటి నుంచి చివరిదాకా చదువుతున్న సంగతి అక్కడే కనిపిస్తుంది. పుస్తకం చివరి సూచికలా కావలసిన వరుసను త్వరగా చూపే ఇండెక్స్ ఉన్నా ఉపయోగపడని సందర్భాలూ ఉన్నాయి: మైసీక్వెల్‌లో ఫోన్ నంబరును అక్షరాల రూపంలో దాచి, క్వెరీలో కొటేషన్ గుర్తులు లేకుండా అంకెగా పోలిస్తే ఆ ఇండెక్స్ పక్కన పడిపోతుంది. కొన్ని వందల వరుసలతో పరీక్షించిన ప్రోగ్రామర్‌కు ఇది తెలిసే అవకాశమే లేదు.

స్లో క్వెరీ లాగ్‌కు దొరకని జబ్బు మరొకటి ఉంది. యాభై దరఖాస్తుల జాబితా చూపడానికి ఒక క్వెరీ, ఆపైన ఒక్కో దరఖాస్తుదారు వివరాలకు ఒక్కొక్కటి చొప్పున యాభై, మొత్తం 51 క్వెరీలు పంపే కోడ్ ఎన్నోచోట్ల ఉంటుంది. విడివిడిగా చూస్తే అన్నీ చురుకైనవే, కలిపితేనే భారం. అందుకే ఏ క్వెరీ ఎన్నిసార్లు నడిచింది, మొత్తం ఎంత సమయం తీసుకుంది అన్న లెక్క కావాలి. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ అనే సాధనం ఆ లెక్కే ఇస్తుంది.

అన్నిటికన్నా చిక్కైనది, ప్రాసెసర్ ఖాళీగా ఉండగానే సైట్ నిలిచిపోవడం. రుసుము చెల్లింపు గురించి బయటి సంస్థ నుంచి జవాబు వచ్చేదాకా కోడ్ ట్రాన్సాక్షన్‌ను (ఒకే పనిగా పూర్తి కావాల్సిన మార్పుల కట్టను) మూయకుండా ఉంచితే, డేటాబేస్‌తో దానికున్న కనెక్షన్, ఇతరులు మార్చకుండా అది వరుసలపై వేసిన లాక్‌లు అంతసేపూ విడుదల కావు. గడువు చివరి రోజున కనెక్షన్లన్నీ ఇలా చిక్కుకుంటే కొత్తగా వచ్చినవారు వరుసలో నిలబడాల్సిందే. అప్పుడు అప్లికేషన్ సర్వర్లు పెంచితే డేటాబేస్‌ను కనెక్షన్లు అడిగేవారు పెరుగుతారు తప్ప పని ముందుకు సాగదు. పోస్ట్‌గ్రెస్ సాధారణంగా ఇచ్చే హద్దు 100 కనెక్షన్లు. ఒక్కో కనెక్షన్‌కు సర్వర్‌లో విడిగా ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) కావాలి కాబట్టి ఆ హద్దును ఇష్టమొచ్చినట్టు పెంచనూ కూడదు.

పెద్ద సర్వర్ ఎప్పుడూ దండగేనని నేననడం లేదు. మెమరీ చాలక డిస్క్ మీద భారం పడుతోందని కొలతలో తేలితే కొనవలసిందే. అయితే ఆ కొలత ముందు జరగాలి, దాని నివేదిక కొనుగోలు ప్రతిపాదనతో పాటు ప్రజల ముందుకు రావాలి. సగటు సమయం చూపి సరిపెట్టడం కుదరదు. నూటికి తొంభై అయిదు మందికి ఎన్ని సెకన్లలోపు పేజీ వచ్చిందో, మిగిలిన అయిదుగురు ఎంతసేపు వేచి ఉన్నారో అందులో చెప్పాలి. అసలు పరిమాణమంత నమూనా సమాచారంతో పరీక్షించి చూపనిదే సైట్‌ను స్వీకరించబోమన్న షరతును గుత్తేదారుల ఒప్పందాల్లో చేర్చాలి. ఈసారి రద్దీ ప్రకటన వచ్చినప్పుడు, ఆగింది ఏ క్వెరీ దగ్గరో, ఎందుకో మీ విలేకరులు అడిగి ప్రచురించాలని మనవి.

భవదీయుడు,
ఒక డేటాబేస్ నిర్వాహకుడు