మా జీపు వెనక క్రౌన్ లెక్క తేల్చిపెట్టిన మేస్త్రి గారికి, బావకి, అందరికీ థాంక్స్

అందరికీ నమస్కారం. రెండు నెలల నుంచి మా జీపు గురించి నేను అడగని మనిషి లేడు, ఫోన్ చెయ్యని మెకానిక్ లేడు. మొన్న ఆదివారంతో ఆ చిక్కు వీడిపోయింది. (క్రౌన్ అంటే ఇరుసు మధ్యలో ఉండే పెద్ద పళ్ల చక్రం, బండి చక్రాల్ని తిప్పేది అదే.) సాయం చేసినవాళ్లకి నలుగురి ముందు థాంక్స్ చెప్పాలనిపించి రాస్తున్నా, పాత జీపులు కొనేవాళ్లకి కూడా పనికొస్తుందని మొత్తం రాసేస్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

బండి పాత మహీంద్రా సీజే-3బీ, ఎత్తు బానెట్టుది, పెట్రోల్ ఇంజన్ తీసేసి డీజిల్ ఎక్కించి ఉంది. పాడేరు దగ్గర మాకు కొంచెం కాఫీ, మిరియాలు ఉన్నాయి, వానాకాలం ఆ దారిలో మామూలు బండి ఎక్కదు కాబట్టి ఫోర్ వీల్ (నాలుగు చక్రాలూ లాగడం) కోసమే దీన్ని కొన్నాం. టూ వీల్‌లో బంగారంలా నడిచింది. మొదటిసారి ఫోర్ వీల్ వేసి తోటలోకి ఎక్కి, తిరిగి తారు రోడ్డు మీదకొచ్చేసరికి ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు బిగుసుకుపోయింది, ఫోర్ వీల్ లివరు రెండు చేతుల్తో లాగినా రాలేదు, రివర్స్‌లో పదడుగులు వెళ్తే అప్పుడు ఠక్కుమని ఊడింది. రోడ్డు మీద టైర్లు రాసుకున్న నల్ల గీతలు. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేస్తే ఏ జీపైనా కొంచెం పట్టేస్తుందని తెలుసు కానీ ఇంతలా పట్టదు. ఒక వర్క్‌షాపులో చూపిస్తే ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే గేర్ల పెట్టె) పోయింది, దింపి వేరేది వెయ్యాల్సిందే అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే బండికే ఉన్నదంతా పెట్టేశాం.

అప్పుడు మా బావ గాజువాక ఆటోనగర్‌లో జీపుల మీదే జీవితమంతా పనిచేసిన ఒక పెద్ద మేస్త్రి గారి నంబరిచ్చాడు. ఆయన ఫోన్లో మొట్టమొదట అడిగిన మాట నేను మర్చిపోను: "బాబూ, కిలోమీటరు రాళ్లకీ నీ మీటరుకీ సరిపోతోందా?" ఎందుకండీ అంటే ముందు చూసి చెప్పు అన్నారు. తమ్ముడు రాళ్లు లెక్కపెడుతుంటే నేను నడిపాను, పది రాళ్లు దాటేసరికి మీటరు తొమ్మిదే తిరిగింది. ఫోన్ చేసి చెప్పగానే "అయితే నీ వెనక క్రౌన్ ఎవరో మార్చేశారు, ముందుది పాతదే ఉంది, ట్రాన్స్‌ఫర్ కేసు జోలికి పోకు" అన్నారు. ఈ జీపులో మీటరు కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గరే ఉంటుంది, అది షాఫ్ట్ (అక్కణ్ణుంచి ఇరుసుకి వెళ్లే పొడుగు కడ్డీ) చుట్లు లెక్కపెడుతుంది గానీ చక్రాల చుట్లు కాదు, అందుకే వెనక రేషియో, అంటే చక్రం ఒక్క చుట్టుకి షాఫ్ట్ తిరిగే చుట్లు, మారితే మీటరు తప్పుతుంది. అసలు బండి ముఖం కూడా చూడకుండా ఆ మాట చెప్పారాయన!

కానీ అనుమానం మీద సామాను కొనొద్దు, లెక్క తేల్చుకో అని ఎలా చెయ్యాలో కూడా చెప్పారు. వెనక ఒక్క చక్రమే జాకీ మీద లేపాలి, మిగతా మూడింటికీ రాళ్లు అడ్డం పెట్టాలి, గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు తీసెయ్యాలి (దీని హ్యాండ్ బ్రేకు డ్రమ్ము వెనక షాఫ్ట్ మీదే ఉంటుంది, వేసి ఉంటే షాఫ్ట్ తిరగదు, అందుకే రాళ్లు గట్టిగా పెట్టుకోండి). రెండో చక్రం నేల మీద ఆగి ఉంటుంది కాబట్టి లేపిన చక్రం రెండు చుట్లు తిరిగితే లోపల క్రౌన్ ఒక్క చుట్టే తిరుగుతుంది. రెండు చక్రాలూ లేపేస్తే రెండోది ఎదురు తిరుగుతుంది, లెక్క కుదరదు. మేము టైరుకీ షాఫ్ట్‌కీ సుద్దముక్కతో గీతలు పెట్టి, చక్రం నేను 20 చుట్లు తిప్పాను, కింద పడుకుని షాఫ్ట్ చుట్లు తమ్ముడు పైకే లెక్కపెట్టాడు. 48 దాటి ఇంకో ముప్పావు చుట్టు వచ్చింది. ముందు వైపు కూడా అలాగే లేపి టూ వీల్‌లో పెట్టి తిప్పితే 54కి పావు చుట్టు తక్కువ. చక్రం 20 చుట్లకి క్రౌన్ 10 చుట్లే కాబట్టి పదితో భాగిస్తే వెనక 4.88, ముందు 5.38. ఈ మోడల్‌కి కంపెనీ నుంచి వచ్చేది 5.38, పాత ఓనరు హైవే మీద స్పీడు కోసం వెనక ఒక్కటే మార్చుకున్నాడన్నమాట. ఫోర్ వీల్ వేసినప్పుడు ముందూ వెనకా పదో వంతు తేడాతో లాక్కుంటుంటే బండి బిగుసుకోక ఏం చేస్తుంది.

తర్వాత మేస్త్రి గారు ఆ వయసులో బస్సెక్కి మా ఊరు వచ్చారు. వెనక కవరు పది బోల్టులు విప్పితే నల్లటి ఆయిల్ కారింది, గుడ్డతో క్రౌన్ తుడిచి ఒక పంటి మీద సుద్ద పెట్టి చేత్తో నెమ్మదిగా తిప్పుతూ లెక్కపెట్టారు, 39 పళ్లు, దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం పినియన్‌కి 8. క్రౌన్ అంచు మీద చెక్కిన అంకెలు కూడా అవే, నా వేలు పట్టుకుని వాటి మీద పెట్టి చూపించారు. మాకు ఘాట్లో బరువుతో ఎక్కడమే ముఖ్యం కాబట్టి వెనకే మళ్లీ 43-8 (43 పళ్ల క్రౌన్, 8 పళ్ల పినియన్, అంటే ఆ 5.38) వేద్దాం అనుకున్నాం. బావ మూడు రోజులు పాత సామాను కొట్లన్నీ తిరిగి జత పట్టుకొచ్చాడు, క్రౌన్ ఒకచోట పినియన్ ఒకచోట తెస్తే పనికిరాదు, రెండూ కలిసి తిరిగినవే కావాలి. కొట్టు ఆయన కూడా పళ్లకి రంగు పూసి తిప్పి చూసుకున్నాకే డబ్బులివ్వమన్నారు, ఆయనకీ చాలా థాంక్స్. షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు) సరిచేసి బిగించడానికి మేస్త్రి గారికి ఒక రోజంతా పట్టింది, అంత ఓపిగ్గా చేసినందుకే ఇవాళ వెనక నుంచి చిన్న గోల కూడా లేదు.

నిన్న తోటలోకి ఎక్కి దిగాం, తారు రోడ్డు దగ్గర లివరు ఒంటి చేత్తో వచ్చేసింది. వచ్చేటప్పుడు తమ్ముడు మళ్లీ రాళ్లు లెక్కపెట్టాడు, పది రాళ్లకి మీటరు పది.

మేస్త్రి గారూ, మీరు డబ్బులు ముట్టుకోలేదు, కిలో మిరియాలు మాత్రం తీసుకున్నారు. కాఫీ ఎండుతోంది, పొడి కొట్టించగానే నేనే జీపులో తెచ్చిస్తాను, అప్పుడు ఒకసారి కిందకి దూరి చూసి అన్నీ బాగున్నాయని మీ నోటితో చెప్పండి.