ఒక గేమ్‌లో మ్యాజిక్‌ని ఇంకో గేమ్‌లోకి తేవాలంటే ముందు దాని ఖర్చు చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం అనుబంధంలో టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ (టేబుల్ చుట్టూ కూర్చుని డైస్ వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ ఆడుకునే ఆటలు) మీద వ్యాసం చదివానండి. అలాంటి ఆటే అయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీఅండ్‌డీ) గురించి తెలుగు పేపర్లో అంత చోటు ఇచ్చినందుకు చాలా సంతోషమేసింది. కానీ అందులో ఒక మాట మాత్రం నేను ఒప్పుకోలేను. ఇదంతా ఊహే కదా, ఒక గేమ్‌లో నచ్చిన మ్యాజిక్‌ని తెచ్చి ఇంకో గేమ్‌లో పెట్టేసుకోవచ్చు, ఏ ఇబ్బందీ ఉండదు అన్నట్టు రాశారు. ఇబ్బంది ఉంటుందండీ, చాలానే ఉంటుంది, కొత్తగా గేమ్ నడిపే పిల్లలు ఆ మాట నమ్మి మొదలుపెడితే నాలుగు సెషన్లు కూడా సాగవు.

డీఅండ్‌డీ ఐదో ఎడిషన్‌లో ఫైర్‌బాల్ తీసుకోండి, అందరికీ తెలిసిన స్పెల్, అంటే మంత్రం. మూడో లెవల్ స్పెల్ అది (స్పెల్ లెవల్ వేరు, ఆడేవాడి పాత్ర లెవల్ వేరు), ఆరు ముఖాల డైస్ 8 వేస్తే సగటున 28 డ్యామేజ్ వస్తుంది. ఐదో లెవల్ ఫైటర్‌కి, అంటే యోధుడికి, 40 పైచిలుకు హిట్ పాయింట్స్ (దెబ్బలు తట్టుకునే ప్రాణబలం) ఉంటాయి కాబట్టి ఆ మంటలో పడ్డా కాలుతాడు గానీ పడిపోడు, తర్వాతి టర్న్‌లో కత్తి పట్టుకుని ఆ మంత్రం వేసిన విజార్డ్ మీదకి వెళ్తాడు. ఇప్పుడు అదే స్పెల్‌ని ఒక్క అంకె కూడా మార్చకుండా గర్ప్స్ అనే ఇంకో రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో పెట్టి చూడండి. అక్కడ మామూలు మనిషికి హిట్ పాయింట్స్ 10, బాగా ఒళ్లున్న సైనికుడికి ఇంకో రెండో నాలుగో ఎక్కువ, ఎంత అనుభవం వచ్చినా అవి డీఅండ్‌డీలో లాగా లెవల్ లెవల్‌కీ పెరుగుతూ పోవు. 28 తగిలితే మనిషి మైనస్ 18కి పోతాడు, 20 అడుగుల వ్యాసార్ధంలో ఉన్నవాళ్లందరిదీ అదే పరిస్థితి. డాలర్లలో వేసిన బడ్జెట్‌ని రూపాయల్లో జీతం వచ్చే ఇంటికి తెచ్చినట్టు ఉంటుంది.

గర్ప్స్‌కి సొంతంగా ఒక ఫైర్‌బాల్ ఉంది, అది ఎలా కట్టారో చూస్తే చాలా విషయం అర్థమవుతుంది. సెకండుకి మంత్రగాడి మేజరీ (మంత్రశక్తి స్థాయి) ఎంతో అంతవరకే ఎనర్జీ పెట్టగలడు, మూడు సెకండ్ల వరకు పోగుచేయొచ్చు, ఒక్కో ఎనర్జీకి ఒక్కో డై. మేజరీ 2 అయితే మూడు సెకండ్లకి 6 డైస్. వినడానికి మూడు సెకండ్లే గానీ గర్ప్స్ ఫైట్‌లో ఒక టర్న్ అంటే ఒక సెకండ్, డీఅండ్‌డీ రౌండ్ ఆరు సెకండ్లు, అంటే శత్రువు కత్తి దూసి మీదకొస్తుంటే మూడు టర్న్‌లు చేతిలో నిప్పు పెంచుకుంటూ నిలబడాలి, తర్వాత దాన్ని గురిచూసి విసరాలి, అవతలివాడు తప్పించుకోవచ్చు కూడా. ఆ ఎనర్జీ అంతా మామూలుగా సొంత ఒంట్లోని ఫటీగ్ పాయింట్స్ (అలసట తట్టుకునే శక్తి) నుంచే పోతుంది, మామూలు మనిషికి అవీ 10 మాత్రమే, పది నిమిషాలు కూర్చుని రెస్ట్ తీసుకుంటే ఒకటి తిరిగొస్తుంది. పేరు ఒకటే అయినా రెండు గేముల్లో దానికి కట్టే ధర వేరు, నేను చెప్పాలనుకున్నది ఇదే. ఎఫెక్ట్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ముందు మంత్రగాడు దేంతో ఖర్చు కడుతున్నాడో చూడాలి.

డీఅండ్‌డీలో ఖర్చు రోజుని బట్టి ఉంటుంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఆ గేమ్ తెచ్చినప్పుడు ఫాంటసీ రచయిత జాక్ వాన్స్ కథల్లోని పద్ధతి తీసుకున్నారు, మంత్రం బట్టీపట్టాలి, ఒకసారి చదివితే బుర్రలోంచి పోతుంది, మళ్లీ వాడాలంటే మళ్లీ బట్టీపట్టాలి. ఇప్పుడున్న స్పెల్ స్లాట్లు (ఏ లెవల్ మంత్రాలు ఎన్నిసార్లు వేయొచ్చో చెప్పే లెక్క) దాని వారసత్వమే. ఐదో లెవల్ విజార్డ్‌కి మొదటి లెవల్ స్లాట్లు 4, రెండోవి 3, మూడోవి 2, రాత్రి నిద్రపోతే గానీ మామూలుగా తిరిగిరావు. ఈ స్లాట్ల గోల ఎందుకు, వేరే గేముల్లో లాగా మానా పాయింట్స్ (అన్ని మంత్రాలకీ కలిపి ఒకే ఖాతా) పెట్టుకుందాం అని చాలామంది అంటారు, ఆట నడిపేవాళ్లకోసం వేసిన 2014 డంజన్ మాస్టర్స్ గైడ్‌లోనే అలాంటి పద్ధతి ఒకటి ఇచ్చారు. అందులో ఐదో లెవల్‌కి 27 పాయింట్స్, మూడో లెవల్ స్పెల్ ఖరీదు 5. లెక్క సరిగ్గానే ఉంది, ఆ 9 స్లాట్లని పాయింట్స్‌లోకి మారిస్తే 27 వస్తాయి. కానీ రోజుకి రెండే ఫైర్‌బాల్స్ వేసేవాడు ఇప్పుడు అయిదు వేస్తాడు! మొత్తం మారలేదు, ఆట మారిపోయింది. ఆరో లెవల్ స్పెల్స్ నుంచి పైన ఒక్కో లెవల్‌కి ఒక్క స్లాటే చేసుకోవాలి, అదీ లాంగ్ రెస్ట్ (రాత్రి నిద్ర లాంటి పెద్ద విశ్రాంతి) అయ్యేదాకా అంతే అని వాళ్లే కట్టడి పెట్టారంటే ఈ ప్రమాదం వాళ్లకి తెలిసే పెట్టారన్నమాట.

అందరూ ఎక్కువగా తేవాలని ఆశపడేది ఆర్స్ మాజికా అనే గేమ్‌లోని మ్యాజిక్‌ని, నాకూ అదంటే ప్రాణం. జొనాథన్ ట్వీట్, మార్క్ రైన్‌హేగన్ 1987లో తెచ్చిన గేమ్, 13వ శతాబ్దం యూరప్‌లో నడుస్తుంది. క్రియో (సృష్టించడం), పెర్డో (నాశనం చేయడం), రెగో (అదుపు చేయడం) లాంటి 5 టెక్నిక్స్, ఇగ్నెమ్ (నిప్పు), ఆక్వామ్ (నీరు), కార్పుస్ (శరీరం) లాంటి 10 ఫామ్స్, ఒకటి ఇందులోంచి ఒకటి అందులోంచి కలిపి ప్లేయర్ అప్పటికప్పుడు తన మంత్రం తనే కట్టుకోవచ్చు. ఇంత స్వేచ్ఛ ఇంకే గేమ్‌లో నేను చూడలేదు. ఆర్స్ మాజికా ఐదో ఎడిషన్‌లో దాని ధర ఏంటంటే, అప్పటికప్పుడు కట్టిన మంత్రానికి వచ్చిన మొత్తాన్ని అలసిపోవడానికి ఒప్పుకుంటే సగం చేస్తారు, ఒప్పుకోకపోతే అయిదో వంతు. పక్కాగా నేర్చుకోవాలంటే ల్యాబ్‌లో నెలలకి నెలలు కూర్చోవాలి, ఆ గేమ్‌లో కాలాన్ని సీజన్లలో లెక్కపెడతారు. మన డీఅండ్‌డీ క్యాంపెయిన్ కథ మొత్తం ఒక్కోసారి గేమ్‌లో నెలరోజులు కూడా పట్టదు, అక్కడ సీజన్ ఖర్చు అంటే ఖర్చే కాదు. దానికితోడు ఆర్స్ మాజికాలో మంత్రగాడు మిగతావాళ్లకంటే బలవంతుడని ముందే ఒప్పుకుని ఆడతారు, ఒక్కో ప్లేయర్‌కి ఒక మేగస్ (మంత్రగాడు), ఒక కంపానియన్ (మంత్రం లేని తోడు పాత్ర), అందరికీ కలిపి గ్రాగ్స్ (కాపలావాళ్లు, పనివాళ్లు), వంతులవారీగా మార్చుకుంటారు కాబట్టి ఎవరికీ అన్యాయం జరగదు. ఇవన్నీ అక్కడే వదిలేసి ఆ స్వేచ్ఛ ఒక్కటే తెచ్చుకుంటే తాళం విజార్డే తీస్తాడు, గోడ విజార్డే ఎక్కుతాడు, గాయం కూడా విజార్డే మాన్పుతాడు, రోగ్ (తాళాలు తీసే దొంగ లాంటి పాత్ర) ఆడే అమ్మాయి సాయంత్రమంతా డైస్ చేతిలో పట్టుకుని కూర్చోవాలి. అది నాకు నిజంగా బాధనిపిస్తుంది.

నా టేబుల్ దగ్గర మేము చేసేది ఇది. అప్పటికప్పుడు కట్టిన మంత్రానికి ఆ లెవల్ స్లాట్‌తో పాటు ఒక హిట్ డై కూడా పోతుంది. ఎగ్జాషన్ (అలసట) పెట్టొచ్చు కదా అంటారు గానీ 2014 రూల్స్‌లో దానికి 6 మెట్లు, ఆరోది చావు, నిద్రపోతే ఒక్క మెట్టే తగ్గుతుంది, మరీ బరువైపోతుంది. హిట్ డై అయితే దెబ్బలు మాన్పుకోవడానికి దాచుకున్నది పోతుంది కాబట్టి ప్లేయర్ ఆలోచించి వేస్తాడు, పొదుపు కూడా చేస్తాడు.

ఎడిటర్ గారూ, ఒక విన్నపం. 2023 జనవరిలో డీఅండ్‌డీ మూల నియమాల పత్రం ఎస్ఆర్‌డీ 5.1ని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద పెట్టారు, ఎక్కడి నుంచి తీసుకున్నామో చెప్పి ఎవరైనా దాన్ని అనువదించొచ్చు, మార్చొచ్చు, అమ్ముకోవచ్చు కూడా. గర్ప్స్‌కి అలాంటి లైసెన్స్ లేదు, అది ఇంట్లో ఆడుకోవడానికి మార్చుకోవడం వరకే. ఇంగ్లిష్ రూల్‌బుక్ చూసి వెనక్కి తగ్గే పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు, వాళ్లకోసం ఆ పత్రంలోంచి కనీసం స్పెల్స్ భాగాన్నైనా మీ అనుబంధంలో వారానికి కొంచెం చొప్పున తెలుగులో వేయండి. అనువాదంలో సాయం కావాలంటే చేయడానికి నేను రెడీ, డబ్బులేమీ వద్దు.

ఇట్లు
ఒక పాఠకుడు, విజయవాడ