కొని, వాడి, వాపసు: వినియోగదారుల వ్యవహారాల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

ఖరీదైన ఎలక్ట్రానిక్ వస్తువుల వాపసు మీద ఎప్పుడు చర్చ వచ్చినా రోజుల చుట్టూనే తిరుగుతుంది. వారమా, పద్నాలుగు రోజులా, నెలా అని. కొనేవాళ్లు ఎక్కువ కావాలంటారు, అమ్మేవాళ్లు తక్కువ చాలంటారు, మధ్యలో ఏదో ఒక అంకె దగ్గర బేరం తెగుతుంది. ఆ అంకెతో నాకు పేచీ లేదు. ఆ రోజుల్లో వస్తువును ఎంత వాడారన్నది ఎవరూ అడగరేమన్నదే నా పేచీ.

కొని కొన్నాళ్లు వాడి చూసే ట్రయల్ అక్కర్లేదనేవాళ్లకు ముందొక మాట. స్పెసిఫికేషన్ల పట్టికలో దొరకని సంగతులు చాలా ఉంటాయి. ఓలెడ్ ఫోన్ తెరల్లో చాలావాటిలో వెలుతురు తగ్గిస్తే తెర కంటికి అందనంత వేగంగా ఆరి వెలుగుతుంటుంది. ఎక్కువమందికి ఏమీ కాదు, కొందరికి మాత్రం కాసేపట్లోనే తలనొప్పి మొదలవుతుంది. ఫోన్‌లో లోపం లేదు, మనిషిలోనూ లేదు. షాపులో రెండు నిమిషాలు చేతిలో పట్టుకుని చూస్తే ఇది తెలిసేది కాదు. వినికిడి యంత్రాలైతే మరీను. కొత్తగా వినిపించే శబ్దాలకు మెదడు అలవాటు పడడానికే వారాలు పడుతుంది. వాటికి వారం గడువంటే ఇవ్వనట్టే.

ఇలాంటి చోట్ల నచ్చక తిరిగిచ్చే వీలు లేకపోతే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. "నాకు సరిపడలేదు" అని నిజం చెప్పినవాళ్లకు డబ్బు రాదు, "పనిచేయడం లేదు" అన్నవాళ్లకు వస్తుంది. దాంతో మర్యాదస్తులూ అబద్ధం టిక్ పెడతారు. సర్వీసు సెంటర్‌లో టెక్నీషియన్ బాగున్న వస్తువును విప్పి, చూసి, "నో ఫాల్ట్ ఫౌండ్" అని రాసి మూస్తాడు. నిబంధనే అబద్ధం నేర్పుతోందన్నమాట.

అటువైపు సంగతీ చెప్పాలి. ఫైనల్ మ్యాచ్‌కు ముందు పెద్ద టీవీ తెచ్చుకుని, మర్నాడు గదికి పెద్దదైందని పంపేవాళ్లున్నారు. డబ్బు తీసుకుని ఒప్పుకున్న షూటింగ్ కోసం కెమెరా, లెన్సు కొని, పని కాగానే బరువుగా ఉందని తిరిగిచ్చేవాళ్లున్నారు. నాకు రెండోవాళ్ల మీదే కోపం ఎక్కువ. కెమెరాలు అద్దెకిచ్చుకుని బతికేవాళ్ల కిరాయి ఎగ్గొట్టడమే కదా అది. "అంత పెద్ద కంపెనీకి ఇదో లెక్కా" అంటారు. నష్టం కంపెనీ దగ్గరే ఆగిపోతే ఈ ఉత్తరం అక్కర్లేకపోయేది. ఆ పెట్టె మళ్లీ సీలు వేయించుకుని కొత్తదాని ధరకు ఇంకొకరి చేతికి చేరవచ్చు, లాటుల్లో తెగనమ్ముడు పోవచ్చు, తుక్కులో కలవచ్చు. మిగతావాళ్లకు గడువు కూడా కుదించుకుపోతుంది. అమెరికాలోని పెద్ద దుకాణాల సంస్థ కాస్ట్‌కో ఒకప్పుడు టీవీల్లాంటివి ఎన్నాళ్ల తర్వాత తెచ్చినా వెనక్కి తీసుకునేది. ఆ భారం మోయలేక 2007లో 90 రోజులకు దించేసింది.

ఐరోపా సమాఖ్య 2011 నాటి వినియోగదారుల హక్కుల ఆదేశంలో రెండూ ఉన్నాయి. ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని కారణం చెప్పకుండా 14 రోజుల్లో వద్దనుకోవచ్చు. కానీ వస్తువు స్వభావం, పనితీరు తెలుసుకోవడానికి అవసరమైనదాన్ని మించి వాడితే, తగ్గిన విలువ కొన్నవాళ్లే భరించాలి. అంతకు ముందే, 2009లో, ఐరోపా న్యాయస్థానం ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కేసులో తీర్పు చెప్పింది. ఎనిమిది నెలలు వాడాక తెర చెడింది, అమ్మినవాళ్లు ఉచితంగా బాగు చేయబోమన్నారు, కొన్నవాళ్లు ఒప్పందం రద్దు చేసుకున్నారు. రద్దు హక్కు గురించి సరిగా తెలియజేయకపోవడం వల్ల గడువు ఇంకా తీరనే లేదు. వాడుకున్న నెలలకు డబ్బు కట్టమని అమ్మినవాళ్లు అడిగారు. వాడిన ప్రతివాళ్ల దగ్గరా అలా వసూలు చేయడం కుదరదనీ, నిజాయితీకి విరుద్ధంగా వాడుకుని ఉంటే మాత్రం అడగవచ్చనీ కోర్టు తేల్చింది.

మరి ఎంత వాడారో తేల్చేదెలా? చొక్కా అయితే కష్టమే. ఎలక్ట్రానిక్ వస్తువు తన చిట్టా తానే రాసుకుంటుంది. ఫోన్‌లో ఛార్జింగ్ సైకిళ్లు (బ్యాటరీ ఎన్నిసార్లు నిండా ఛార్జ్ అయిందన్న లెక్క), కెమెరాలో షట్టర్ కౌంట్ (ఎన్ని క్లిక్కులన్న లెక్క), కంప్యూటర్‌లో ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీలో నడిచిన గంటలు, ప్రొజెక్టర్‌లో దీపం వెలిగిన గంటలు. ఐరోపాలో 2025 జూన్ 20 నుంచి మార్కెట్లోకి వచ్చే స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లలో బ్యాటరీ సైకిళ్లూ, మొదటిసారి వాడిన తేదీ వాడేవాళ్లకు కనిపించి తీరాలి.

మీ శాఖను కోరేది ఈ చిట్టాను వాపసుకు ఆధారం చేయమని. ఏ వస్తువుకు ఎంత వాడకం పరీక్ష కిందికి వస్తుందో ముందే ప్రకటించాలి. కెమెరాకు కొన్ని వందల క్లిక్కులు పరీక్ష, నాలుగు వేలు పని. హద్దు లోపల ఉంటే పైసా కోత లేకుండా మొత్తం తిరిగివ్వాలి, కారణం అడగకూడదు. దాటితే దాటినంత మేరకే కోత. పెట్టె తెరిచినందుకే ధరలో ఇంత శాతమని గుడ్డిగా పట్టుకునే పద్ధతికి ఇక తావుండకూడదు. వినికిడి యంత్రాలకు ఈ హద్దు పెట్టకండి, రోజంతా పెట్టుకోవడమే వాటి పరీక్ష.

దీని పేరుతో ఫోన్‌లోని ఫొటోలూ సందేశాలూ తెరిచి చూసే అధికారం అమ్మేవాళ్లకు రాకూడదు. అవసరమైనది ఒక్క అంకె. దాన్ని కొన్నవాళ్ల ఎదుటే చూసి, రసీదు మీద రాయాలి.

అదే అంకె తిరిగి అమ్మే పెట్టె మీదా ఉండాలి. ఒకసారి తెరిచిన పెట్టెను తెరిచినదనే అమ్మించండి. ఎంత తగ్గించి అమ్ముకుంటారో వాళ్ల ఇష్టం.

ఇట్లు,
ఒక కొనుగోలుదారు