టమాటా తగ్గితే కిరాయి కట్టినట్టేనా?

సంపాదకుడి గారికి,

నమస్కారం. దేశంలోకెల్లా ద్రవ్యోల్బణం (అంటే ఏడాదిలో ధరలు పెరిగే వేగం) తక్కువగా ఉన్న రాష్ట్రం తెలంగాణేనని, 2025 జూన్ నెలలో అది సున్నా దాటి కిందికి, మైనస్ 0.93 శాతానికి పోయిందని మీ పత్రిక మొదటి పేజీలో వేశారు. చదివి ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఆ వార్త పట్టుకుని ఇది మా ప్రభుత్వ ఘనత అని ఒకరు, కాదు ఢిల్లీ వారి చలవ అని ఇంకొకరు మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో రోజూ కొట్టుకుంటున్నారు. ఇద్దరూ కిరాయికి ఉండేవాళ్లు కాదు. అందుకని ఈ ఉత్తరం.

కూరగాయలు చవకైన మాట నిజమే. నేను కూకట్‌పల్లి రైతుబజారుకు సంచి పట్టుకుని వెళ్లేవాణ్ణి, నాకు తెలియనిదేం కాదు. పోయిన ఏడాది జూన్‌లో మండిపోయిన టమాటా, ఉల్లి ఈ జూన్‌లో దిగొచ్చాయి, కందిపప్పు కూడా కొంత తగ్గింది. ఆ ధరకు అమ్ముకున్న రైతు ఏమయ్యాడన్నది వేరే సంగతి, దాని మీద కూడా ఎవరైనా రాస్తే బాగుండు. కానీ ఇల్లు గడవడమంటే కూర వండుకోవడం ఒక్కటే కాదు కదా.

ఆ లెక్క ఎలా కడతారో మీ వార్తలో ఒక్క ముక్క రాయలేదు. అది పల్లెలూ పట్నాలూ కలిపి రాష్ట్రం మొత్తానికి తీసిన అంకె. 2025లో దేశవ్యాప్త ధరల సూచీలో తిండి, పానీయాల వాటా దాదాపు 46 శాతం ఉండేది. ఇంటి అద్దెకు ఇచ్చింది 10 శాతం. పల్లెల్లో ఇంటి అద్దెను అప్పుడు అసలు లెక్కలోకే తీసుకునేవారు కాదు కాబట్టి అలా వచ్చేది. పట్నాలను విడిగా చూసినా అద్దె వాటా 22 శాతం లోపే ఉండేది. హైదరాబాద్‌లో నెలజీతంలో 22 శాతంతో ఇల్లు దొరికిన అదృష్టవంతుడు ఎవరైనా ఉంటే మీ పత్రికలో ఫొటో వేయండి, వెళ్లి దండ వేసి వస్తాను. పైగా అప్పటి సూచీకి ఆధారం 2012 నాటి ధరలు. అందులో గుర్రబ్బండి కిరాయి, ఆడియో క్యాసెట్టు కూడా ఉన్నాయని, మార్చే పని జరుగుతోందని 2025లో అనేవారు. మా కేపీహెచ్‌బీ కాలనీలో గుర్రబ్బండి కిరాయి పెరగలేదన్న మాట మాత్రం నేను ఒప్పుకుంటాను.

ఇక కిరాయి సంగతి. మేముండేది రెండు పడకగదుల పాత ఫ్లాటు. నిరుడు 20 వేలు, ఈ జూన్ నుంచి 23 వేలు. మెయింటెనెన్స్ వేరు. మా ఓనరు చెడ్డమనిషేం కాదు, పక్క ఫ్లాటుకు 25 వస్తోందండీ, మీరు పాతవాళ్లు కాబట్టి 23 అన్నాడు. ఆ మాటకు థాంక్స్ చెప్పి వచ్చాను, ఇంకేం చేస్తాం? కాదంటే కొత్త ఇల్లు వెతకాలి. బ్రోకరుకు కమీషన్, కొత్త ఓనరుకు రెండు మూడు నెలల అడ్వాన్సు, పాత ఓనరు రంగులకని పట్టుకునే ఒక నెల కిరాయి, సామాన్ల బండి. ఇవన్నీ కలిపి చూసుకుంటే పెంచిన మూడు వేలు కట్టడమే నయమనిపిస్తుంది. అగ్రిమెంటు 11 నెలలకే రాస్తారు కాబట్టి ఈ లెక్క ఏటా వేసుకోవాల్సిందే.

దీనికి చట్టం లేదా అంటే ఉంది. ఉమ్మడి రాష్ట్రం నాటి 1960 అద్దెల నియంత్రణ చట్టం. కాకపోతే 2005లో సవరించి నగరాల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన కిరాయికి అది వర్తించదన్నారు. ఇవాళ హైదరాబాద్‌లో 3,500కు ఇల్లు కాదు గదా, హాస్టల్లో మంచం కూడా రాదు. అంటే ఈ ఊళ్లో ఆ చట్టం ఎవరిని కాపాడుతోందో పెద్దలే చెప్పాలి. కేంద్రం 2021లో నమూనా అద్దె చట్టం తయారుచేసి, ఇంటికి అడ్వాన్సు రెండు నెలలు మించకూడదని రాసి రాష్ట్రాలకు పంపింది. మన అసెంబ్లీలో ఇన్నాళ్లలో దాని ఊసు ఎత్తిన ఎమ్మెల్యే ఎవరైనా ఉన్నారా? వాళ్లలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లు ఎందరో కనుక్కుంటే దానికి జవాబు దొరుకుతుంది.

వేసవిలో బోరు ఎండిపోతే ట్యాంకర్లే గతి. ఇంటికి నెలకు 20 వేల లీటర్ల నీళ్లు ఉచితమని 2021 నుంచి వింటున్నాం. మంచిదే. నల్లా నీళ్లు రెండు రోజులకోసారి కాసేపు వచ్చే అపార్టుమెంటులో ఆ ఉచితం ట్యాంకరు బిల్లు కింద తేలుతుంది, ఏప్రిల్, మే నెలల్లో మెయింటెనెన్స్ చిట్టీ చూడాలంటేనే టెన్షన్.

ప్రయాణం ఖర్చు చూడండి. 2025 మే 17 నుంచి మెట్రో రైలు కనీస చార్జీ 10 నుంచి 12, గరిష్ఠం 60 నుంచి 75 చేశారు. జనం గోల పెడితే వారం తిరక్కుండా 10 శాతం తగ్గించామంటూ 11, 69 అన్నారు. పెంచి తగ్గించినందుకు కృతజ్ఞతలు చెప్పాలట! జూన్‌లో ఆర్టీసీ పాసుల వంతు. ఆర్డినరీ బస్సు నెల పాసు 1,150 నుంచి 1,400, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సు పాసు 1,300 నుంచి 1,600. అంటే ఒక్క దెబ్బకు ఇరవై శాతం పైనే. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసినందుకు నాకు అభ్యంతరం లేదు, మా ఆవిడ రోజూ దాంట్లోనే వెళ్తుంది. కానీ ఆ ఖర్చు నా పాసులోనూ, కాలేజీ పిల్లల పాసుల్లోనూ రాబట్టుకుంటున్నట్టే ఉంది. ఈ పాసుల పెంపు వార్తను మీరు లోపలి పేజీలో ఒక మూలన వేశారని గుర్తుచేయక తప్పడం లేదు.

ఆటో అయితే ఇంకా చిత్రం. సర్కారు మీటరు రేటు సవరించింది 2014లో. మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11. ఆ రేటుకు వచ్చే ఆటో నాకైతే ఎప్పుడూ తగల్లేదు, గ్యాసు ధర చూస్తే డ్రైవరును తప్పు పట్టడానికీ లేదు. కానీ కాగితం మీద ఆటో కిరాయి 2025 దాకా పదకొండేళ్లు పైసా పెరగలేదు. మైనస్ ద్రవ్యోల్బణమంటే ఇదే కాబోలు.

వంటగ్యాసు బండ 2025 ఏప్రిల్‌లో 855 నుంచి 905 అయింది. 500కే ఇస్తున్నారు కదా అంటారు. అది తెల్లకార్డు వాళ్లకు. పట్నంలో తెల్లకార్డుకు ఆదాయ పరిమితి ఏడాదికి రెండు లక్షలు, అంటే నెలకు 17 వేలకు లోపు. రేషన్ సన్నబియ్యమూ అంతే, 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటూ అంతే. ఆ కరెంటైనా ఒక్క యూనిట్ దాటితే బిల్లు మొత్తం కట్టాల్సిందే. పేదవాళ్లకు ఇస్తే నాకు ఏడుపు లేదు. కొత్త రేషన్ కార్డుల పంపిణీ కూడా 2025 జూలైలో మొదలైంది, సంతోషం. నా బాధల్లా, ఆ గీతకు కాస్త పైన ఉన్నవాణ్ణి ధనవంతుడి కింద జమకట్టి వృత్తి పన్ను నెలకు 200 మాత్రం ఠంచనుగా కోయడం గురించి.

బడి ఫీజుల గురించి రాయడం మొదలుపెడితే మీ పేజీ చాలదు. మా అబ్బాయి స్కూలు పేరు రాయను, వాడు ఇంకా అక్కడే చదవాలి. ఫీజుల కట్టడిపై 2017లో తిరుపతిరావు కమిటీ వేశారు, నివేదిక వచ్చింది. 2025లో రాష్ట్ర విద్యా కమిషన్ కూడా సిఫార్సులు ఇచ్చింది. అప్పటికి ఫీజుల చట్టం బిల్లు ఎక్కడుందో సరస్వతీదేవికే తెలియాలి. మన దగ్గర చకచకా జరిగే పని పేర్లు మార్చడం ఒక్కటే. బండ్ల నంబర్లలో టీఎస్ పోయి టీజీ వచ్చింది, బస్సుల మీద అక్షరాలు మారాయి, బల్దియా (నగర పాలక సంస్థ) వాళ్ల ఐదు రూపాయల అన్నపూర్ణ భోజనం 2025లో ఇందిర క్యాంటీన్ అయింది. ఆ క్యూలో ఇప్పుడు చొక్కా ఇన్‌షర్ట్ చేసుకున్నవాళ్లు ఎందుకు కనిపిస్తున్నారో అడిగే అధికారి లేడు.

మీకు ఒక మనవి. కార్మిక శాఖ కింద లేబర్ బ్యూరో పారిశ్రామిక కార్మికుల ధరల సూచీని 88 కేంద్రాలకు విడివిడిగా ప్రకటిస్తుంది, అందులో హైదరాబాద్ ఒకటి. కేంద్ర ఉద్యోగుల డీఏకు (కరువు భత్యానికి) ఆధారం ఆ సూచీయే. డీఏ అన్నమాటే తెలియని మా ప్రైవేటు ఉద్యోగుల కోసమైనా హైదరాబాద్ అంకెను నెలనెలా వేయండి. రాష్ట్రం లెక్క వచ్చే నెల మళ్లీ వస్తుంది. ఈసారి దాన్ని మొదటి పేజీకి ఎక్కించే ముందు మీ విలేకరిని మా కాలనీలో టులెట్ బోర్డులున్న నంబర్లకు ఫోన్ చేయమనండి. ఫ్యామిలీయా బ్యాచిలరా, వెజ్జా నాన్‌వెజ్జా, ఏ కంపెనీలో పని, అన్నీ అడిగాకే రేటు చెబుతారు. ఆ రేటు వేయండి, చాలు.

ఇట్లు,
ఓ కిరాయిదారు,
కేపీహెచ్‌బీ కాలనీ, హైదరాబాద్